చినుకు ఒక్కటే... పడే చోటే వేరు!

దోసె పెనం మీద గెంతే నీటిబొట్టుకీ, చెనిక్కాయ ఆకు మీంచి జారిపోయే మందు చుక్కకీ దగ్గరి చుట్టరికమే ఉంది. ఆ చుట్టరికం తెలుసుకుంటే అనంతపురం లాంటి కరువు సీమలో నీళ్లు మిగులుతాయి, డబ్బు మిగులుతుంది, ఒంటికీ మంచిది!

తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లే అలవాటు మీకుందా? ఉంటే ఈసారి ఒక్క నిమిషం వంగి చూడండి. ఎండాకాలంలో మెత్తటి పొడి దుమ్ము మీద పడిన మొదటి చుక్కలు వెంటనే ఇంకిపోవు. దుమ్మును ఒంటికి పూసుకుని చిన్న చిన్న ఉండల్లా అటూ ఇటూ దొర్లుతాయి. రెండో చెంబు చల్లేసరికి దుమ్ము అణుగుతుంది, నీళ్లు నేలకు పడతాయి. అవే నీళ్లు గడప పక్కనున్న బండ మీద పడితే పల్చగా పరుచుకుంటాయి. పెరట్లో చేమాకు మీద పడితే ముత్యాల్లా జారిపోతాయి.

నీళ్లు అవే. చల్లిన చెయ్యీ అదే. మరి ఎందుకీ తేడా?

'తామరాకు మీద నీటిబొట్టు' అని పెద్దవాళ్లు ఒక్కమాటలో చెప్పేశారు. శాస్త్రవేత్తలు మాత్రం ఈ సంగతి తేల్చడానికి రెండు వందల ఏళ్లకు పైగా కష్టపడుతూనే ఉన్నారు. ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ 1805లోనే దీనిమీద వ్యాసం రాశాడు. ఈనాటికీ పరిశోధనలు సాగుతున్నాయంటే ఇది చిన్న విషయం కాదని తెలుస్తోంది కదూ!

ఇదంతా మనకెందుకు అంటారా? పాత అనంతపురం జిల్లాలో (2022 ఏప్రిల్‌లో ఇందులోంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది) ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. దేశంలో తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదీ ఒకటి. ఇలాంటిచోట ప్రతి చుక్కకీ లెక్కుంటుంది. పడిన చుక్క నిలుస్తుందా, పారిపోతుందా అన్నదాని మీదే పంటా, అప్పూ, ఇంట్లో పొయ్యీ ఆధారపడి ఉంటాయి.

సెకనులో వందో వంతు

ఓ వాన చినుకు పడటాన్ని ఊహించుకోండి. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరు మీటర్లకు పైగా వేగంతో దిగుతుంది. తగలగానే మొదట చపాతీలా పరుచుకుంటుంది. ఈ మొదటి ఘట్టంలో పెత్తనమంతా వేగానిదే. కిందున్నది ఆకా, అద్దమా, బండా అన్నది అంతగా పట్టదు.

పరుచుకోవడం అయిపోయాక అసలు కథ మొదలవుతుంది. నీటి పైపొర సాగదీసిన రబ్బరులాగా మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. దీన్నే తలతన్యత అంటారని బడిలో చదువుకునే ఉంటారు. ఆ ముడుచుకునేటప్పుడు పెత్తనం కిందున్న ఉపరితలానికి వస్తుంది. నీళ్లంటే ఇష్టపడే గాజు, బండ, మట్టికుండ లాంటివైతే చుక్క అంచుల్ని పట్టుకుని వదలవు. చుక్క పరుచుకునే ఉండిపోతుంది. నీళ్లంటే గిట్టని తామరాకులాంటిదైతే అంచులు జారి వెనక్కి వస్తాయి, చుక్క ముడుచుకుని బంతిలా పైకి ఎగురుతుంది. వేగం మరీ ఎక్కువైతే ఎక్కడ పడినా చిట్లి పిల్ల చుక్కలవుతుంది.

ఇదంతా ఎంతసేపట్లో? రెండు మిల్లీమీటర్ల చుక్కకు సెకనులో దాదాపు వందో వంతు! ఎగిరిపడే చుక్క కిందుండే సమయం దాని వేగాన్ని బట్టి మారదనీ, సైజును బట్టే మారుతుందనీ 2002లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. మన కంటికి అందనంత వేగంగా జరిగిపోతుంది కాబట్టే ఇన్నాళ్లూ మనం పట్టించుకోలేదు.

ఏది నీళ్లను ఇష్టపడుతుందో, ఏది పడదో చెప్పడానికి ఓ కొలత ఉంది. చుక్క అంచు ఉపరితలాన్ని తాకే చోట ఏర్పడే కోణాన్ని స్పర్శకోణం అంటారు. చుక్క పల్చగా పరుచుకుంటే కోణం తక్కువ. గుండ్రంగా కూర్చుంటే ఎక్కువ. 90 డిగ్రీల లోపైతే ఆ వస్తువు తడిసే రకం. దాటితే తడవని రకం. తామరాకు మీద ఇది 150 డిగ్రీల పైమాటే. ఆకు మీద కంటికి కనపడని సన్నటి బొడిపెలూ, వాటి మీద మైనపు పూతా ఉంటాయనీ, చుక్క ఆ బొడిపెల కొసల మీద, గాలి పరుపు మీద కూర్చున్నట్టు కూర్చుంటుందనీ 1997లో జర్మనీకి చెందిన బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. దొర్లిపోతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోతుంది. బురదలో పుట్టినా తామరాకు శుభ్రంగా ఉండటం వెనక ఉన్న కిటుకు ఇదే.

పెనం మీదా, పళ్లెం మీదా...

వంటింట్లో ఈ పరీక్ష మీరు రోజూ చేస్తూనే ఉన్నారు. దోసె వెయ్యబోయే ముందు పెనం మీద నాలుగు చుక్కలు చిలకరిస్తారు. సుయ్‌మని ఆవిరైపోతే వేడి సరిపోయింది. చుక్కలు గుండ్రంగా గెంతుతూ పెనమంతా తిరిగాయంటే మరీ కాలిపోయింది! అంత వేడిలో చుక్క అడుగున ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తి పట్టుకుంటుంది. పెనానికి తగలనే తగలదు కాబట్టి వెంటనే ఆవిరి కాదు. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు కాలిన ఇనప గరిటెలో నీటిచుక్క వేసి ఇదే చూసి, పుస్తకంలో రాశాడు. దోసెలు పోసే ఇల్లాలికి ఆ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు!

అలాగే కడిగిన గాజుగ్లాసు బోర్లించి చూడండి. నీళ్లు పొరలా పల్చగా జారితే గ్లాసు శుభ్రపడినట్టే. బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉందన్నమాట. జిడ్డు నీళ్లను దూరం పెడుతుంది. కాస్త సబ్బు తగిలితే నీటి తలతన్యత సగానికి పైగా పడిపోతుంది. ముడుచుకునే పట్టు సడలి నీళ్లు పరుచుకుంటాయి.

అంట్ల తొట్టి దగ్గర పుట్టిన శాస్త్రం

అంట్లు తోమే నీళ్లను చూసి శాస్త్రవేత్త అయిన ఆవిడ ఒకరున్నారు. పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో పుట్టి, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పెరిగారు. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. తమ్ముడు భౌతికశాస్త్రం చదువుతుంటే, అతని పుస్తకాలు తెప్పించుకుని ఇంట్లోనే చదువుకున్నారు. అమ్మానాన్నలకు సేవ చేస్తూ, వంటా వార్పూ చూసుకుంటూనే, జిడ్డు, సబ్బు కలిసినప్పుడు నీటి పైపొర ఎలా మారుతుందో గమనించారు. ఓ రేకుతొట్టిలో నీళ్లు పోసి, పైన అడ్డంగా ఓ రేకు పట్టీ జరుపుతూ, చిన్న బిళ్లను నీటి మీంచి పైకి లాగడానికి ఎంత బలం కావాలో త్రాసుతో కొలిచారు.

సుమారు పదేళ్లు ఇంట్లోనే ఈ పని చేశాక, 1891లో ధైర్యం చేసి ఇంగ్లండులోని లార్డ్ రేలీకి ఉత్తరం రాశారు. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, ఆ ఏడాది మార్చిలోనే 'నేచర్' పత్రికలో అచ్చయ్యేలా చూశారు. ఆవిడ చేసిన తొట్టి ఆధారంగానే తర్వాతివాళ్లు పరిశోధనలు సాగించారు. ఆ దారిలో నడిచిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగ్నెస్‌కు బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చిందీ అదే ఏడాది. అప్పటికి ఆవిడకు 70 ఏళ్లు! 1935లో కన్నుమూశారు. వంటింటి పని చేస్తున్నవాళ్లకు శాస్త్రం అందదని ఎవరన్నా అంటే ఈ పేరు చెప్పండి.

చెనిక్కాయ ఆకు తీరే వేరు

అంట్ల తొట్టి దగ్గర తెలిసిన ఈ సంగతి చేలోనూ పనికొస్తుంది. అనంతపురం అనగానే గుర్తొచ్చే పంట వేరుశనగ. ఇక్కడివాళ్ల మాటలో చెనిక్కాయ. పొద్దున్నే చేలోకి వెళితే ఆకుల మీద మంచు బొట్లు మెరుస్తూ కనిపిస్తాయి. ఆకు కదిపినా కొన్ని జారవు, పట్టుకుని వేలాడుతుంటాయి. ఈ ఆకును 2014లో చైనా శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. నీటిని బంతిలా గుండ్రంగా నిలబెట్టడంలో ఇది తామరాకు లాంటిదే. కానీ తామరాకులా దొర్లించదు. ఆకును తలకిందులు చేసినా చిన్న చుక్క అంటుకునే ఉంటుంది. తడవదు, అలాగని వదలదు. చిత్రమైన గుణం!

మరి మందు కొట్టేటప్పుడు? మెల్లగా వచ్చి కూర్చునే మంచు చుక్క వేరు, పంపు మూతిలోంచి జోరుగా వచ్చే చుక్క వేరు. పెద్ద చుక్క వేగంగా తగిలితే చిట్లుతుంది, లేదా ఎగిరి నేల మీద పడుతుంది. మరీ సన్నటి చుక్కలు ఆకుదాకా రాకుండానే గాలికి కొట్టుకుపోతాయి. తెల్లారి మంచు ఇంకా ఆరకముందు కొడితే, మందు చుక్కలు మంచు బొట్లతో కలిసి బరువెక్కి జారిపోతాయి. 'మందు కొట్టినాం గానీ ఆకుకు పట్టలే' అని వాపోయేది అందుకే. వందలు పోసి కొన్న మందు, మైళ్ల దూరం నుంచి బిందెలతో మోసిన నీళ్లు, రెండూ మట్టిపాలు!

వేపగింజల కషాయం తయారుచేసేటప్పుడు చివర్న కాస్త సబ్బు పొడి కలపమంటారు. ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా? సబ్బు కలిస్తే చుక్క ఆకు మీద పరుచుకుంటుంది. అయితే సబ్బు ఎక్కువైతే ఆకులు మాడతాయి, నీళ్లు మరీ పల్చబడి అంచుల వెంట కారిపోతాయి. చెప్పిన కొలత దాటకూడదు. ఆకుల కొసల నుంచి కారేదాకా కొట్టడం కూడా వృథాయే. కారినదంతా నేలకే కదా.

ఎగిరిపోయే చుక్కను పట్టి ఉంచే ఉపాయం కోసం పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో కూడా వెతుకుతున్నారు. మద్రాసు ఐఐటీలో చదివి, అమెరికాలోని ఎంఐటీలో ఆచార్యుడైన కృప వారణాసి, ఆయన బృందం 2016లో ఓ పద్ధతి కనిపెట్టారు. మందు ద్రవాన్ని రెండుగా చేసి, ఒకదానిలో ధన విద్యుదావేశం ఉన్న పదార్థం, రెండోదానిలో రుణ విద్యుదావేశం ఉన్న పదార్థం కొద్దికొద్దిగా కలిపి ఒకేసారి కొడతారు. రెండు చుక్కలు ఆకు మీద కలిసినప్పుడు అక్కడికక్కడే చిన్న గరుకు మచ్చ ఏర్పడుతుంది. ముడుచుకుని ఎగరబోయే చుక్కకు అది కొక్కెంలా అడ్డుపడుతుంది.

ఆకు వద్దంటే... చీర పట్టుకుంటుంది

ఇక ఆడవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట. ఆకు వద్దన్న చుక్క ఎక్కడికి పోతుంది? కొంత నేలకి. కొంత కొట్టేవాళ్ల ఒంటికి. చెనిక్కాయ ఆకు తడవని రకమైతే, మనం కట్టుకునే నూలు చీర బాగా తడిసే రకం. పోగుల మధ్య సందుల్లోంచి చుక్కను లోపలికి పీల్చుకుని, చర్మానికి ఆనించి పెడుతుంది. ఆకు మీద నిమిషాల్లో ఆరిపోయే మందు, తడి చీర కింద పనయ్యేదాకా ఒంటికి అంటుకునే ఉంటుంది!

పంపు వీపున వేసుకునేది మగవాళ్లే అయినా, నీళ్లు మోసేదీ, మందు కలిపేదీ, సాయంత్రం ఆ బట్టలు ఉతికేదీ చాలా ఇళ్లలో ఆడవాళ్లే. ఉతికేటప్పుడు చేతులకు తగిలేది ఆకుకు పట్టని ఆ మందే. పైగా అదే తొట్టిలో పసిపిల్లల బట్టలు కూడా నానేస్తుంటారు. చదువుకున్న ఇళ్లలోనూ ఈ పొరపాటు జరుగుతోంది.

ఎర్రనేల మీద వాన

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఎర్రనేలలే. లోతు తక్కువ, ఇసక పాలు ఎక్కువ. ఎండిన బోడినేల మీద పెద్ద చినుకు బాంబులా పడుతుంది. మట్టి గడ్డను పగలగొట్టి రేణువుల్ని ఎగరేస్తుంది. అవి రెండడుగుల ఎత్తుకు, ఐదడుగుల దూరానికి కూడా ఎగరగలవు. ఎగిరిన సన్నటి రేణువులు తిరిగి పడి, మట్టిలోని సందుల్ని మూసేస్తాయి. ఎండ తగిలితే పైన పెచ్చు కడుతుంది. తర్వాత పడే చినుకులకు లోపలికి దారి ఉండదు. నీళ్లు ఇంకకుండా వంకల్లోకి పారిపోతాయి. కింద మొలకెత్తిన విత్తనం ఆ పెచ్చును పగలగొట్టుకుని పైకి రాలేక అవస్థ పడుతుంది. వాన పడిందన్న మాటేగానీ చేనుకు దక్కదు.

అదే నేల మీద పచ్చగానో ఎండుగానో ఏదో ఒకటి కప్పి ఉంటే చినుకు ముందు దానికి తగులుతుంది. వేగం చచ్చి, మెల్లగా కిందికి దిగి ఇంకుతుంది. వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి, రాలిన ఆకులు పరవమని చెప్పేది అందుకే. రుతుపవనాలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి నేలను ఖాళీగా ఉంచకుండా చూసే పద్ధతిని ప్రకృతి సేద్యంలో ఇక్కడ చాలామంది పాటిస్తున్నారు. పొదుపు సంఘాల మహిళలు ఇందులో ముందున్నారు.

నేల కప్పి ఉంటే మరో లాభమూ ఉంది. తిక్క ఆకుమచ్చ తెగులు బీజాలు వాన చినుకుల తుంపర్లతో కూడా ఆకు నుంచి ఆకుకు, నేల నుంచి ఆకుకు పాకుతాయి. తుంపర తగ్గితే ఆ పాకడమూ కొంత తగ్గుతుంది.

ఆ కమ్మటి వాసన

తొలకరి అనగానే అందరికీ గుర్తొచ్చేది మట్టివాసన. దీనిపైన 1964లో ఆస్ట్రేలియాలో పరిశోధన చేసి 'పెట్రికోర్' అని పేరు పెట్టింది ఇద్దరు. అందులో ఒకరు ఇసబెల్ జాయ్ బేర్ అనే శాస్త్రవేత్తురాలు. మన కనౌజ్‌లో మట్టి నుంచి అత్తరు తీసే విద్య సంగతి కూడా వాళ్లు ప్రస్తావించారు.

సరే, వాసన మట్టిలో ఉంది. అది మన ముక్కుదాకా ఎలా వస్తుంది? 2015లో ఎంఐటీ పరిశోధకులు అతివేగ కెమెరాలతో చిత్రీకరించి చూపించారు. మట్టిలోని సన్నటి రంధ్రాల మీద చినుకు పడగానే అడుగున గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి చినుకులోంచి పైకి తేలి, సోడా బుడగల్లా పగులుతాయి. ఆ పగులుడుకు సన్నటి తుంపర్లు వాసనను మోసుకుని గాలిలోకి లేస్తాయి. 16 రకాల మట్టి నమూనాలు సహా 28 రకాల ఉపరితలాల మీద పరీక్షించారు. చినుకు వేగంతోబాటు నేల ఎంత తేలిగ్గా తడుస్తుంది, ఎంత తేలిగ్గా పీల్చుకుంటుంది అన్నదాన్ని బట్టే ఈ తుంపర్లు లేస్తాయని తేలింది. జోరువానలో కన్నా తేలికపాటి జల్లులోనే ఎక్కువట! తొలకరి జల్లుకే ఆ వాసన గుప్పుమనడంలో వింత లేదన్నమాట.

ఇంట్లోనే చేసి చూడండి

సెలవు రోజున పిల్లల్ని కూచోబెట్టుకుని ఈ ప్రయోగం చెయ్యండి. ఖర్చు లేదు. చెవి మందు సీసాకు వచ్చే డ్రాపర్ బాగా కడిగినదైతే చాలు.

• స్టీలు పళ్లెం, మట్టికుండ పెంకు, అరటాకు, చేమాకు, నూనె రాసిన పళ్లెం వరసగా పెట్టండి. జానెడు ఎత్తు నుంచి ఒక్కో చుక్క వెయ్యండి. ఏది పరుచుకుంది, ఏది ఇంకింది, ఏది దొర్లింది పిల్లల చేత రాయించండి.

• అవే వాటి మీద సబ్బు నీటి చుక్క వేసి తేడా చూడండి.

• రెండు పళ్లేల్లో ఎండిన ఎర్రమట్టి పోసి, ఒకదాని మీద గడ్డి పరచండి. రెంటి మీదా జల్లెడలోంచి నీళ్లు పోయండి. ఏ పళ్లెంలో నీరు తేటగా ఇంకిందో, ఎక్కడ బురదై పైన నిలిచిందో కళ్లారా చూడొచ్చు.

చేలో మందు కొట్టే ఇళ్లలో...

• మంచు ఆరాక, గాలి లేనప్పుడు, ఎండ ముదరక ముందే కొట్టించండి. సన్నటి తుంపర ఆకుకు దగ్గరగా పడాలి. ఎదురుగాలికి అస్సలు కొట్టకూడదు.

• మందు చేత్తో కలపొద్దు. పొడవాటి కర్రతో కలపండి. రబ్బరు తొడుగులు వేసుకోండి. ముందువైపు ప్లాస్టిక్ కాగితమో, పాత రెయిన్‌కోటో కట్టుకుంటే చుక్క ఒంటికి చేరదు. తడిసిన బట్ట వెంటనే మార్చుకోండి.

• ఆ బట్టలు విడిగా, పారే నీళ్లలో కాకుండా బకెట్లో, చేతులకు తొడుగులతో ఉతకండి. ఆ నీళ్లు బావి దగ్గరా, పశువుల తొట్టి దగ్గరా పొయ్యొద్దు.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఆ పని దరిదాపులకు వెళ్లకూడదు. ఖాళీ డబ్బాల్లో నీళ్లూ, నూనే పొయ్యొద్దు.

• తల తిరిగినా, వాంతులైనా, కళ్లు మసకబారినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు సీసా మీది చీటీ కూడా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

వాన ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో మన చేతిలో లేదు. వచ్చిన చినుకు ఎక్కడ పడాలి, దేనిమీద పడాలి అన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. ఈసారి మబ్బు పట్టినప్పుడు ఇంటి పక్కన బోడిగా ఉన్న జాగా కాస్త చూసుకోండి. నాలుగు గంపల ఆకులో, గడ్డో పరిచి చినుకు కోసం ఎదురు చూడండి.